దోర్కా సంతకం చేయవలసిన దరఖాస్తు

దోర్కా,

అలమారలోని నీలం ఫైలులో పురపాలక కార్యాలయానికి రాసిన దరఖాస్తు ఉంది. చదివి, నీకు సమ్మతమైతేనే సంతకం చేయి. మధ్యాహ్నం మూడు గంటలలోపు వార్డు ఆఫీసులో ఇచ్చి, రసీదు తప్పక తీసుకో. నేను హిజ్లీలో పాస్టరుగారిని చూడబోతున్నాను. భోజనానికి నా కోసం ఆగవద్దు.

సంగతి ఇది. నిన్న వార్డు ఆఫీసులో మన కుటుంబ వివరాల నకలు తీసుకున్నాను. అందులో నీ పేరు ఎదుట ‘భర్త విడిచిపెట్టినది’ అని ఉంది. రెండేళ్ల క్రితం సర్వేకు వచ్చినవారు ఆ విషయం అడగలేదు. నేనే చెప్పి రాయించాను. నీవే అతనిని వదలి వచ్చావని పరాయివారితో చెప్పుకోవడానికి అప్పుడు నామోషీపడ్డాను.

దానిని తీసివేయమని నిన్న నేనే అడిగాను. అక్కడి మన తెలుగు గుమాస్తా, “తాతగోరూ, అది అమ్మాయిగోరి వివరం. తియ్యమని ఆవిడే అడగాల. మీరడిగితే అవ్వదు” అన్నాడు. అతని మాట సరైనదే. నీ గురించి అక్కడ ఏమి రాసి ఉందో చూసే హక్కు, తప్పును తీయించే హక్కు నీవి. రాయించే ముందే నిన్ను అడిగి ఉండవలసింది.

నాన్న

తా.క.: తప్పు సమాచారం ఇచ్చినది నీ తండ్రేనని దరఖాస్తులో నా పూర్తి పేరుతో రాశాను. నా పరువు కోసమని ఆ వాక్యం కొట్టివేయకు.