ఎస్.కోట బ్రౌజర్ల లెక్క

హైదరాబాద్,
ఫిబ్రవరి 4, 2013

ప్రభువునందు ప్రియమైన స్టాన్లీ బావకి,

ఫిన్నీ వందనాలు. నేను క్షేమం. హాస్టల్ సాంబారు పరిస్థితే ఏమీ బాగోలేదు.

నా ఉద్యోగం ఏమిటని షాలిని అక్క అడిగినప్పుడల్లా "మార్కెట్ రీసెర్చి" అని గంభీరంగా చెబుతున్నాను. అసలు సంగతి నీకు చెబుతాను. జనం ఇంటర్నెట్ తెరవడానికి ఏ బ్రౌజరు బొమ్మ నొక్కుతున్నారు, నీలం 'ఇ'యా, నక్కా, రంగుల చక్రమా. కంప్యూటర్లో ఏ విండోస్ ఉంది. ఏ సెర్చ్‌లో వెతుకుతున్నారు. ఇవన్నీ లెక్కకట్టి, ఎవరి వాటా ఎంతో కంపెనీలకి చెబుతాం. ఇందుకోసమే నాన్న నన్ను ఎంబీఏ చదివించాడు.

చిన్న ఊళ్ల లెక్క నాకు అప్పగించారు. రిపోర్టు బాగుంటే మార్చి ఆఖరికి పర్మినెంటు. లేకపోతే ఇంటికే. ఎస్.కోటలో నీ నెట్ సెంటర్లో అన్ని సిస్టమ్స్‌లోనూ మా పేజీ ముందు తెరుచుకునేలా పెట్టు. కస్టమరు పని మొదలవగానే అదే లెక్క రాసుకుంటుంది.

నీ బావమరిది,
ఫిన్నీ

తా.క.: ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదని అక్కతో అనకు.

శృంగవరపుకోట,
ఫిబ్రవరి 11

ఒరే ఫిన్నీ,

ఆశీస్సులు. ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకుని ఉత్తరం రాస్తున్నానని నవ్వకు. ఇక్కడ మెయిల్ తెరిస్తే నా వీపు వెనక నుంచి బెంచీ మీదున్న వాళ్లంతా చదువుతారు. ఫోన్ చేస్తే మీ అక్క లాక్కుంటుంది. కవరైతే జిగురు పెట్టి అంటించొచ్చు.

నీ పేజీ పెట్టాను. ఒక పూటంతా పట్టింది. ఊళ్లో కంప్యూటర్ పండితుణ్ని నేనే కాబట్టి ఎలా పెట్టాలో ఎవరినీ అడగలేకపోయాను. జనం బాగానే వస్తున్నారు. డిగ్రీ హాల్ టిక్కెట్లు, పింఛన్లు, ఉద్యోగాల దరఖాస్తులు. నీ లెక్కకి లోటుండదు.

మీ బావ,
స్టాన్లీ

తా.క.: అక్కతో ఏమీ అనలేదు. "తమ్ముడి ఉద్యోగం ఎలా ఉన్నాది?" అంటే "బ్రహ్మాండం" అన్నానంతే. ఆ సాయంత్రమే పాస్టరు గారి దగ్గరికెళ్లి ఏప్రిల్ మొదటి శనివారానికి కృతజ్ఞతా కూటం ఖాయం చేసేసింది. సంఘమంతటికీ బిర్యానీ.

హైదరాబాద్,
ఫిబ్రవరి 25

బావా,

వందనాలు. కూటం మాట విన్నాక నిద్ర పట్టలేదు కానీ, ఇక్కడ అద్భుతం జరిగింది. మొదటి వారం ఎస్.కోటలో అందరూ నీలం 'ఇ'. పోయిన సోమవారం పొద్దున్న ఊరు ఊరంతా నక్కకి మారిపోయింది. ఒక్కడూ వెనక మిగల్లేదు. ఇలాంటిది ఎక్కడా చూడలేదని మా బాసు గణపతిరావు గారు కుర్చీలోంచి లేచారు. నేను స్లైడుకి 'ఎస్.కోట తిరుగుబాటు' అని పేరు పెట్టాను. యువతరం మేలుకుంటోందని రాస్తుంటే నాకే ఒళ్లు పులకరించింది.

అక్కడ ఎవరైనా ప్రచారం చేస్తున్నారా? వెంటనే రాయి.

ఫిన్నీ

తా.క.: మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా మీ ఊళ్లో ఎవరూ ఇంటర్నెట్ ముట్టుకోరు. దానికి 'కొండవాలు ప్రాంతపు విరామ సంస్కృతి' అని పేరు పెట్టాను. సార్ మెచ్చుకున్నారు.

శృంగవరపుకోట,
మార్చి 4

ఒరే ఫిన్నీ,

నీ ఉత్తరం చదివి నా గుండె జారిపోయింది. ఓట్లన్నీ ఒకే గుర్తుకి పడితే రిగ్గింగ్ అనరా? నాకు ఏ కంపెనీ మీదా పగ లేదని మీ సార్‌కి చెప్పు. నీ ఉద్యోగం పోగొట్టిన పాపం నాకొద్దు.

అందుకని ఇవాళ్టి నుంచి వంతులు పెట్టాను. ఒకరోజు నీలం 'ఇ', మర్నాడు నక్క, ఆ మర్నాడు చక్రం. సెర్చ్‌లు రెండున్నాయి కదా, వాటికి మన చర్చిలో కూర్చున్నట్టే: మగవాళ్ల పనికి ఒకటి, ఆడవాళ్ల పనికి ఇంకోటి. ఇక ఎవరికీ అన్యాయం జరగదు.

స్టాన్లీ

తా.క.: మీ అక్క వంటవాడికి అడ్వాన్సు ఇచ్చేసింది.

హైదరాబాద్,
మార్చి 15

బావా,

సాంబారు బాధ పడలేక హాస్టల్ మారాను. నీ జవాబు పాత హాస్టల్లోనే చిక్కుకున్నట్టుంది. ఆగలేక రాస్తున్నాను. ఇప్పుడు ఎస్.కోటలో మూడు బ్రౌజర్లకీ తలా మూడో వంతు, గీత గీసినట్టు. వితంతు పింఛను వెతికేవాళ్లంతా ఒక సెర్చ్‌లో, ఆర్మీ ర్యాలీ వెతికేవాళ్లంతా ఇంకో సెర్చ్‌లో. ఇంత వివేకమున్న మార్కెట్ దేశంలో లేదని నేను రాశాను. సార్ నమ్మారు. గురువారం స్వయంగా వస్తున్నారు, జనాన్ని అడిగి తెలుసుకోడానికి. నన్ను మాత్రం స్లైడ్లు చేస్తూ ఇక్కడే ఉండమన్నారు.

ఫిన్నీ

తా.క.: మాటకారులైన కస్టమర్లని కూర్చోబెట్టు.

శృంగవరపుకోట,
మార్చి 22

ఒరే ఫిన్నీ,

ఎలా రాయాలో తెలియడం లేదు. మీ సార్ వచ్చారు. బెంచీ మీద పింఛను పనికొచ్చిన సూరయ్య, డిగ్రీ చదివే గోపి ఉన్నారు.

"మీరు ఏ బ్రౌజర్ వాడతారు?" అని సూరయ్యని అడిగారు.

"మాకేటి తెలుస్తాది బాబూ. కాయితం స్టాన్లీకిస్తాం. ఆడే నొక్కుతాడు."

"ఏమైనా వెతకాలంటే?"

"స్టాన్లీయే ఎతుకుతాడు. దొరక్కపోతే రేపు రమ్మంటాడు."

గోపి అయినా కాపాడతాడని వాడి వైపు చూశాను. "మేం నొక్కితే తప్పు పోతాదని స్టాన్లీ అన్న మౌస్ ముట్టనివ్వడండి" అన్నాడు.

మీరు లెక్కపెట్టేది జనం ఇష్టాన్నని అప్పటిదాకా నాకు తట్టనేలేదురా. దరఖాస్తు తప్పితే తిట్లు నాకే కాబట్టి, అన్ని సిస్టమ్స్ ముందూ కుర్చీ జరుపుకుంటూ నేనే నొక్కుతాను. నీ యువతరం నేనే. ఆ సోమవారం కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోతే, ఆ నారింజ రంగు నక్క ఒక్కటే కళ్లకి ఆనింది, తర్వాత అదే అలవాటైపోయింది. అదీ తిరుగుబాటు. విరామ సంస్కృతి అంటే నేను అన్నం తిని పడుకోవడం. నీకేమవుతుందోనని బెంగగా ఉంది.

స్టాన్లీ

తా.క.: వెళ్లేముందు ఆయన రైలు టికెట్టు చూసుకోబోతుంటే, అలవాటు కొద్దీ ఆయన చేతిలోంచి కూడా మౌస్ లాక్కున్నాను.

హైదరాబాద్,
మార్చి 28

బావా,

తిరిగొచ్చిన సార్ నిన్న నన్ను పిలిచారు. "ఊరికో స్టాన్లీ ఉన్నప్పుడు వేలమందిని లెక్కపెట్టడం దేనికి? ఊరికో ఫోన్ చేస్తే చాలదా?" అన్నారు. నేను ఉత్సాహంగా, "చాలు సార్, నెలల పని ఒక్క పూటలో అయిపోతుంది" అన్నాను. "అయిపోయింది" అని నా చేతిలో కవరు పెట్టారు. ఈ కంపెనీకి నేనిచ్చిన పనికొచ్చే సలహా అదొక్కటే.

ఏడుపొచ్చింది బావా, అబద్ధం చెప్పను. నీ తప్పేమీ లేదు. ఒక మనిషి కళ్లద్దాలు మర్చిపోతే అందులో దేశ భవిష్యత్తుని చూసినవాణ్ని నేను. అక్కకి నేనే ఫోన్ చేసి చెప్పాను. "వంటవాడికిచ్చిన అడ్వాన్సు ఎలాగూ తిరిగి రాదు. రా, తిందువుగాని" అంది.

బుధవారం బయలుదేరుతున్నాను. వేరే ఉద్యోగం దొరికేదాకా నీ పక్కన ఒక కుర్చీ వెయ్యి. మౌస్ కూడా ఇవ్వాలి మరి.

నీ బావమరిది,
ఫిన్నీ

తా.క.: బాగా ఆలోచించుకో. నేనా కుర్చీలో కూర్చున్న రోజున, ఎస్.కోట మార్కెట్లో నీ వాటా ఒక్కసారిగా సగానికి పడిపోతుంది.