చెంబెడు నీళ్లతో దొరికిన జబ్బు

అమ్మా, మేమిద్దరం బాగున్నాం, వ్యాను కూడా బాగుంది. ఆయన దాన్ని అమ్మేసి లారీ పనికి పోతారని, నెలకోసారి గాని ఇంటికి రారని ఏడుస్తూ రాశాను కదా, ఇక బెంగపెట్టుకోకు. రోజూ పొద్దున బయల్దేరగానే ఇంజను మిస్సవుతూ కుంటుతూ నడిచేది, బడిపిల్లలకు ఆలస్యమయ్యేది. మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు. మధ్యాహ్నం షెడ్డుకు తీసుకెళ్తే మాత్రం ఏ జబ్బూ లేనట్టు నడిచేది. మొన్న నాకు జ్వరమొచ్చిన రెండు రోజులూ పొద్దున కూడా కుంటలేదు. ఆ రెండు రోజులూ నేను బండి కడగలేదు. రోజూ బానెట్ మీద బకెట్టు నీళ్లు కుమ్మరించేది నేనే. సిగ్గుపడుతూనే అన్నం వడ్డించేటప్పుడు ఆయనకు చెప్పాను. నన్నూ షెడ్డుకు తీసుకెళ్లారు. మెకానిక్ ఇంజను మీద చెంబెడు నీళ్లు చల్లగానే కుంటింది. ప్లగ్గు వైరు ఒకటి చిట్లి ఉంది, అందులోకి తడి దిగేదట; దాన్ని మార్చేశాడు.

"నా దగ్గరికొచ్చేలోపు రోగం ఆరిపోయేదమ్మా. భలే పట్టారు" అన్నాడు.

"పట్టిందీ ఆవిడే, పెట్టిందీ ఆవిడే" అన్నారు మీ అల్లుడు.

నాన్న మోకాలు ఎలా ఉంది? అక్క కాన్పుకి వ్యానులోనే వస్తాం. నీ పాత నూలు చీర ఒకటి తీసి ఉంచు, ఇకమీదట తుడవడమే గాని కడగను. అందరికీ దండాలు. పొద్దున బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి వింటున్నాను, ఒక్క తుమ్మూ లేదు.

నీ చిన్నది