స్టార్టరు మీద తువ్వాలు

జవళగేర,
ఆదివారం.

అమ్మకు,

నీ పాదాలకు దణ్ణం పెట్టి రమేష్‌బాబు రాయునది. ఇక్కడ నాన్నా నేనూ క్షేమం. క్షేమం అంటే వేళకి తింటున్నాం, వేళకి పడుకుంటున్నాం. అంతకు మించి అడగకు. అక్కడ మామయ్యా, అత్తయ్యా, నువ్వూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం గురువారం అందింది. "ఆ దిక్కుమాలిన ఫోను ఇక ఈ జన్మలో ముట్టుకోను" అని మొదటి వాక్యంలోనే రాశావు. సరే. ఫోన్లమీద బతికేవాణ్ణి, నాకే ఈమధ్య దాన్ని చూస్తే నీరసం వస్తోంది. ఉత్తరమే నయం.

అడిగినవాటికి వరసగా చెబుతాను. నాన్న బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నాడు. కరివేపాకు మొక్క బతికే ఉంది. కాలవ నీళ్ళు మన చివరి మళ్ళకి అందడం లేదు, వాగులోంచి మోటారుతో తోడుకుంటున్నాం. నాట్లు మాత్రం అయిపోయాయి.

పాల సంగతి అడిగావు. నువ్వు వెళ్ళిన వారానికే రెండు రోజులు పాలు రాలేదు. మూడోరోజు వాకిట్లో కాపు కాసి పాలు పోసే ఈరేశ్‌ని నిలదీశాను. "మీరే పాలు బేడ, వద్దు అంటిరి గదన్నా. గిన్నె బోర్లిస్తిరి" అన్నాడు. తోమిన గిన్నె ఆరుతుందని నేను బోర్లించాను. గిన్నె బోర్లా ఉంటే ఆ రోజు పాలొద్దని అర్థమట. ఇన్నేళ్ళుగా నువ్వూ అతనూ గిన్నెతోనే మాట్లాడుకుంటున్నారని ఈ ఇంట్లో పెరిగిన నాకు తెలియదు. మనుషులు వస్తువులతో ఎలా మెలుగుతారో చదువుకుని, దానికే డిజైనరని పేరు పెట్టించుకుని, దానిమీదే జీతం తీసుకుంటున్నవాణ్ణి. నవ్వుకో.

మన పొలం పనంతా చేసే హనుమంత చెయ్యి మానింది. కుడిచేతికి బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి. ఎడమచేత్తో తినమంటే ఒప్పుకోడు. ఆ రెండింటితోనే చిన్నచిన్న ముద్దలు చేసుకుంటున్నాడు. పక్కన కూచుని కలిపి పెట్టబోతే మంజమ్మ మీద విసుక్కుంటాడట. పెళ్ళాం మీద విసుక్కునే ఓపిక వచ్చిందంటే కోలుకున్నట్టే అని ఆమే చెప్పింది.

ఇక నీ అసలు ప్రశ్న. "ఆయన ఒక్కసారి వెళ్ళి చూసి మోటారు వేస్తే ఏం పోయేది? ఒక మనిషి వేళ్ళు తిన్న చెయ్యి అది. ఆ చెయ్యి ఉన్న ఇంటికి నేను రాలేను" అని రాశావు. ఆ ఉత్తరం నాన్న కూడా చదివాడు. మడిచి నాకిచ్చేసి, చెప్పులేసుకుని చేలోకి పోయాడు.

ఆ రోజు నాన్న సింధనూరులో ఎరువుల కొట్టు దగ్గర ఉన్నాడు. మోటారుకి కరెంటు వచ్చిందని ఫోనులో కబురొచ్చింది. నొక్కాడు. సరిగ్గా అప్పుడే హనుమంత వాగు ఒడ్డు షెడ్డులో జారిన బెల్టు ఎక్కిస్తున్నాడు. ఎక్కడున్నా ఫోనుతో మోటారు వేసే ఆ పెట్టెని తయారు చేసింది నేను. "మంచం దిగకుండా మోటారు వేయండి" అని కంపెనీ వేసిన కాగితం నువ్వు ఊరంతా చూపించావు. ఆ మాట కూడా నేను రాసిందే. వెళ్ళి చూసే పని లేకుండా చెయ్యడానికే దాన్ని చేశాను. వెళ్ళి చూడలేదని నాన్నని తిడితే ఎలా?

నువ్వు షెడ్డు లోపలికి ఎప్పుడూ రాలేదు కనక నీకు తెలియకపోవచ్చు. ఇక్కడి షెడ్లలో ఒక పద్ధతి ఉంది. మోటారు దగ్గర చెయ్యి పెట్టేవాడు ముందు తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి స్టార్టరు పిడి మీద వేస్తాడు. అది ఉన్నంతసేపూ ఎంతటివాడైనా ఆ పిడి ముట్టుకోడు, "ఎవరయ్యా లోపల?" అని కేకేస్తాడు. వేసినవాడే వచ్చి తియ్యాలి. హనుమంత ఆ రోజు కూడా తువ్వాలు వేశాకే పనిలోకి దిగాడు. సింధనూరులో ఉన్న ఫోనుకి ఆ తువ్వాలు ఎలా కనిపిస్తుంది?

ఇంతవరకు చదివి పొరపాటు జరిగిందనుకుంటావు. పొరపాటు కాదమ్మా. ఇక్కణ్ణించి రాయలేక మూడు రోజులుగా కాగితాలు చింపుతున్నాను.

అమ్మకానికి పెట్టకముందే, పరీక్షకని ఆ పెట్టె మన షెడ్డులో బిగించిన రోజు హనుమంత నాకు మరలు అందిస్తూ నిలబడ్డాడు. అంతా అయ్యాక బుర్ర గోక్కుంటూ అడిగాడు. "అంత మంచిగనే ఉంది గాని రమేషప్పా, నేను లోపట ఉన్నప్పుడు తువ్వాల యాడ ఏయాలె? ఫోన్ల దానికి జాగ పెట్టినవా?"

నేను నవ్వాను. నాతో బెంగళూరు నుంచి వచ్చిన ఇద్దరూ నవ్వారు. "ఫోనులో తువ్వాలేమిటి హనుమంతా!" అన్నాను. పాపం, అతనూ మాతో కలిసి నవ్వాడు.

కానీ ఆ మాట నాకు బుర్రకెక్కింది. ఆ సాయంత్రం నోటుపుస్తకంలో ఒక వాక్యం రాశాను: "పెట్టె పక్కన ఒక మీట ఉండాలి, లోపలున్నవాడు దాన్ని దించితే ఫోను నొక్కినా మోటారు తిరగకూడదు." వారం తర్వాత ఆ వాక్యం మీద గీత కొట్టేశాను. మీట పెడితే పెట్టె మొత్తం మళ్ళీ గియ్యాలి. అనుకున్న తేదీ దాటిపోతుంది. పైగా దాని అందం చెడుతుంది. ఎవరూ కొట్టెయ్యమనలేదు. నేనే కొట్టేశాను.

తర్వాత కంపెనీ నుంచి కాగితం వచ్చింది, వాడినవారి అజాగ్రత్త వల్ల జరిగిందని. నాన్న సంతకం పెట్టాడు. నేను పక్కనే కూచుని చూశాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని నా జన్మలో చెయ్యలేదు.

నిన్న పొద్దున గట్టు మీద నాన్నకి అంతా చెప్పేశాను. పారకున్న మట్టి కాలితో రాలుస్తూ విన్నాడు.

"తెలుసులేరా" అన్నాడు. "తువ్వాలు సంగతి ముందే నిన్ను అడిగానని హనుమంత ఆస్పత్రిలోనే చెప్పాడు. ఆ మాట ఇంకెక్కడా అనమాకని వాడి మంచి చెయ్యి పట్టుకుని బతిమాలుకున్నా."

పార భుజానికెత్తుకుని మళ్ళీ ఆయనే అన్నాడు. "మీ అమ్మకి మాత్రం చెప్పమాక అబ్బాయ్. మొగుడు పనికిమాలినోడంటే తట్టుకుంటది. ముప్పయ్యేళ్ళుగా అంటానే ఉంది. కొడుకంటే తట్టుకోలేదు."

రెండు నెలలుగా నీ తిట్లన్నీ అందుకే నోరెత్తకుండా మోశాడు. నేనూ నోరెత్తలేదు, కాని నాది వేరే రకం మౌనం. అలిసిపోయానమ్మా. చేసిన పనికన్నా దాచిన పనికే ఎక్కువ అలుపు.

కొట్టేసిన గీతతో సహా ఆ పేజీ ఫొటో తీసి నిన్ననే కంపెనీకి పంపాను. అమ్మిన ప్రతి పెట్టెకీ మీట బిగించమన్నాను. జవాబు రాలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. మన షెడ్డులో పెట్టె పీకేశాను.

నిన్న సాయంత్రం బెల్టు మళ్ళీ జారింది. నాన్న తన తువ్వాలు తీసి పిడి మీద వేసి తనే లోపలికి వంగాడు. నేను వెళ్ళేసరికి హనుమంత ఆ స్టార్టరుకి ఆనుకుని కూచుని ఉన్నాడు. నన్ను చూసి "ఆగప్పా, పెద్దాయన లోపట ఉన్నడు" అని ఆ రెండు వేళ్ళ చెయ్యి అడ్డం పెట్టాడు. నాన్న బయటికొచ్చి తన తువ్వాలు తను తీసుకునేదాకా లేవలేదు.

నాన్న వద్దన్నది చెప్పేశాను. నన్నేమన్నా పడతాను, అసలు మాట్లాడకపోయినా పడతాను. జవాబు రాయబుద్ధి కాకపోతే రాయకు. వచ్చి, పొద్దున్నే పాలగిన్నె నీ చేత్తో వాకిట్లో వెల్లకిలా పెట్టు. నాన్నకి అర్థమవుతుంది.

ఇట్లు,
నీ కొడుకు
రమేష్