క్లోయీ అంటే

అక్టోబర్ 9
స్కూల్లో ఆర్కెస్ట్రా కచేరీ. ప్రోగ్రామ్ కాగితంలో మా అమ్మాయి పల్లవి పేరు కనబడదు. మళ్లీ చూశాను. వయొలా వాయించే పిల్లల్లో ‘క్లోయీ’ అని ఎవరో… పక్కన మా ఇంటిపేరు. పద్నాలుగేళ్లకే, నాతో ఒక్క మాట చెప్పకుండా!

కచేరీ అయ్యేదాకానే ఆగగలిగాను. పిల్లలంతా సర్దుకుంటుంటే నేరుగా టీచర్ దగ్గరికి వెళ్లాను. మా ఇంట్లో క్లోయీ అనే పిల్ల లేదు, దీని పేరు పల్లవి, పలకడం నేర్చుకోండి — అని గట్టిగానే అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. పల్లవి నేల చూస్తోంది.

కార్‌లోనూ అదే.
“మేం పెట్టిన పేరు చెప్పుకోవడానికి సిగ్గా నీకు?”
“ఆఫీస్‌లో నువ్వు విక్కీ కదా. నేనేమన్నా అన్నానా?”
మా ఆయన డ్రైవ్ చేస్తూ, “ఇంక వదిలెయ్ విజయా” అన్నాడు. నేను వింటేగా.

అక్టోబర్ 10
పల్లవి నాతో మాట్లాడడం లేదు.

అక్టోబర్ 14
ఆఫీస్ నుంచి వస్తూ, రైల్లో ఫోన్ తీసి ఆ పేరు వెతికాను. ఎగతాళి చేయడానికి నాలుగు ముక్కలు దొరక్కపోతాయా అని. గ్రీకు పేరట. ఆ పేరుగలవాళ్లు మెత్తనివాళ్లట, పంతం మాత్రం ఎక్కువట, మాట పడితే లోపలే దాచుకుంటారట. జాతకాల పిచ్చి ఇక్కడివాళ్లకీ ఉందే అని నవ్వొచ్చింది. ఆ కింద అర్థం — లేత చిగురు.

పల్లవి అంటేనూ అదే.

దానికి ఆ అర్థం చెప్పింది నేనే. కిండర్‌గార్టెన్‌లో పలావ్, పలావ్ అని ఏడిపించారని ఇంటికొచ్చి ఏడిస్తే, పెరట్లో మేపుల్ చెట్టు కొమ్మ వంచి చిగురు చూపించాను. “ఇదిగో, నీ పేరంటే ఇది” అని.

ఫోన్ ఒళ్లో బోర్లించేశాను.

ఇంటికి రాగానే అడిగాను. “తెలిసే పెట్టుకున్నావా?”
“చిగురు. నువ్వే చెప్పావ్ కదా. అందుకే పిక్ చేశాను.”
“మరి ఆ మాట చెప్పొచ్చు కదే!”
“నువ్వు అడగలేదమ్మా. అరిచావ్. అందరి ముందు.”

అక్టోబర్ 16
ఆర్కెస్ట్రా మానేస్తానందట. టీచర్ ఈమెయిల్ చేస్తే తెలిసింది. ఆయన పాపం ఎంతో జాగ్రత్తగా ‘పల్లవి’ అనే రాశాడు… చదువుతుంటే తల కొట్టేసినట్టయింది. తప్పు నాది, దానికి ఇష్టమైన పేరుతోనే పిలవండి, వెనక్కి రమ్మని చెప్పండి — అని అప్పటికప్పుడు జవాబు పంపేశాను.

సంతోషిస్తుందనుకొని చెప్పాను. తెల్లబోయి చూసింది.
“మళ్లీ నన్ను అడక్కుండానే?”

అక్టోబర్ 17
ఆఫీస్‌లో ఎవరు ‘విక్కీ’ అని పిలిచినా ఉలిక్కిపడుతున్నాను.

సాయంత్రం భోజనానికి పిలుద్దామని మెట్ల దగ్గర నిలబడ్డాను. ఏ పేరు పెట్టి పిలిచినా నా నోట తిట్టులాగే వినబడుతుందేమో. చివరికి, “అన్నం చల్లారిపోతోందమ్మా…” అన్నాను.

పైన కుర్చీ జరిగిన చప్పుడు. మెట్ల మీద అడుగులు మాత్రం వినబడలేదు.