పసుపు, ఊదా, ఎరుపు

మడివాళ, బెంగళూరు
14-8-1997, గురువారం

అక్క జయమ్మకు చెల్లెలు అంబిక నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నీ కాళ్ల వాపు తగ్గిందో లేదో రాయి. బావను అడిగానని చెప్పు.

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. కాన్పుకు నెల ముందే రమ్మన్నావు. అమ్మ ఉంటే నిన్ను అడిగేదాన్నా అన్నావు. ఆ మాట చదివి, జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. ఇక్కడ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. నీ మరిదికి వంట రాదు. నేను రాలేను అక్కా.

పోయిన నెల నీ సీమంతానికి వచ్చి పదిరోజులు ఉన్నానా, అప్పుడే ఇక్కడ గొడవయింది. ఈయన కంపెనీలో గుండె చప్పుడును కాగితం మీద గీసే మిషను చేస్తారు. గుండె నిదానం. దాంతో కరెంటు వణుకూ ఒంటి వణుకూ వేగంగా వచ్చి కలుస్తాయి. నిదానాన్ని పోనిచ్చి వేగాన్ని ఆపే ఫిల్టరు చెయ్యడం ఈయన పని. ఎనిమిది కాళ్ల నల్ల పురుగులా ఆప్‌యాంప్ అనే చిప్పు, చుట్టూ తమ విలువను రంగుగీతల్లో చెప్పే రెసిస్టర్లు. ముందు కంప్యూటర్లోనే ఉత్తుత్తి బోర్డు కట్టి సిమ్యులేషన్ చేస్తే అంతా సరిగ్గా వచ్చిందట.

బోర్డు ఇంట్లో అతికించి తీసుకెళ్తే ఏమీ రాలేదు. తోటి పనివాడు ఓబళప్ప వైర్లు తన చేతులకే కట్టించుకున్నాడు. గీత నేలలా చదునుగా వచ్చింది. "సచ్చిపోయినానేమప్పా? మా ఇంటికి చెప్పి పంపించండి" అని అందరినీ నవ్వించాడట. ఓనరు నవ్వలేదు. "కంప్యూటర్లో బతికుండాడు, బోర్డులో సచ్చినాడు. శుక్రవారం లోపల సరిచెయ్, లేకుంటే వేరే పని చూసుకో" అన్నాడట.

నేను ఆ గురువారం తిరిగి వచ్చేసరికి ఈయన అన్నం మానేసి, వేసిన లెక్కలే మళ్లీ వేస్తున్నారు. శుక్రవారం పని మానేస్తానని చెప్పడానికే బోర్డు పట్టుకుని వెళ్లారు. ఆఖరిసారి పెట్టి చూస్తే గీత చక్కగా వచ్చింది. ఏదో అతుకు వదులుగా ఉండి దానంతట అదే సర్దుకుందని అంటున్నారు.

నాకు మాత్రం ఒళ్లంతా అలసటగా ఉంది. పొద్దున బిందెలు, పగలు వంట, సాయంత్రం రెసిస్టర్ల పాఠం. ఐదో తరగతితో ఆగిన నాకు, నేనే అడిగితే, రంగుల లెక్క నేర్పుతున్నారు. పసుపు నాలుగు, ఊదా ఏడు, ఎరుపు రెండు. నేను చదివితే ఆయన డబ్బాల్లో వేస్తారు.

ఇట్లు,
నీ చెల్లెలు అంబిక

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. నీళ్లూ వంటా వంకలు. సీమంతానికి ఎర్రగాజులని చెప్పి ఆయన బళేపేటలో కొని పంపినవి ఆకుపచ్చవని నువ్వు నవ్వావు కదా, నాకప్పుడే అనుమానం వచ్చింది. వచ్చాక ఆయన కాగితం మీద రాసుకున్న రంగుల పేర్లతో బోర్డు పోల్చి చూశాను. పసుపు, ఊదా, ఎరుపు ఉండాల్సిన రెండు చోట్లా పసుపు, ఊదా, ఆకుపచ్చ. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, రోజూ ఆయన అతికించేది చూసిన అలవాటుతో నేనే ఊడదీసి మార్చాను. ఆయన కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. ఆఫీసులో ఎవరికీ తెలియదు. నాకు తెలుసని ఆయనకూ తెలియదు, తెలిస్తే సిగ్గుపడి ఇక నన్ను చదవమనరు. బావకు కూడా చెప్పకు. ఈ నెల ఇరవై బోర్డులున్నాయి. మీ పక్కింటి పాపక్కను తోడు పిలుచుకో, నా మీద కోపం వస్తే రానీ. రోజూ ఒక రంగు కావాలనే తప్పు చదివి దిద్దుకుంటున్నాను. ఇంకా నాకు పూర్తిగా రాలేదనుకోవాలి ఆయన.