మూడో సీసాలో చేప

1984 మార్చి 5

అమ్మ మళ్లీ అదే మాట. పక్కింటి సుబ్బక్కతో, నాకు వినపడేలా — "కదిరి సంబంధం తప్పినప్పట్నుంచి పిల్ల మనసు చెదిరిండాదక్కా. చచ్చిన చేపల్ని సీసాలో పెట్టుకొని చూస్తా కూచుంటాది." మెడలో తాయెత్తు కట్టింది. ఆ సంబంధం తప్పిన రోజు నేనెంత హాయిగా నిద్రపోయానో! దిగులు లేదు నాకు. చేప రెక్కలో ఈనెలు లెక్కపెడుతున్నాను. అంతే.

మార్చి 8

మద్రాసు నుంచి పార్సెల్. అయిదు సీసాలు, ఒక్కోదాంట్లో ఒక చేప. ఒక్కటీ పగల్లేదు. అక్కడ గాజుతొట్లలో సముద్రపు చేపల్ని పెంచేవాళ్ల సంఘం ఉంది, కార్యదర్శి లలితమ్మగారు. బుక్కరాయసముద్రం చెరువులో నేను పట్టిన ఇసుకచేపను గుర్తుపెట్టుకుని కాలేజీ మేడం నా పేరు చెప్పారు. ఆ మేలు మరవను. ఇసుకచేపల జాతినే ఇంగ్లీషులో గోబీ అంటారు. వేలెడంత చేప ఏదైనా 'గోబీ' అని అమ్మేస్తున్నారట అంగళ్లలో... లలితమ్మగారు రాశారు: "పేర్లు తేల్చు. సరిగ్గా ఉంటే గుర్తుపట్టే పుస్తకం నువ్వే రాద్దువు, ఇక్కడికే వచ్చెయ్."

నేనింకా సముద్రం చూడలేదు.

మార్చి 9

పొట్టకింది రెక్కలు రెండూ కలిసి చిన్న గిన్నె. రాయిని పట్టుకునేది దానితోనే. గోబీకి అదే గుర్తు. నాలుగు చేపలకు ఉంది. అయిదోదానికి లేదు — గోబీయే కాదు. కుళ్లకుండా పోసిన మందునీళ్లలో రంగులన్నీ పోయాయి. ఏ రకమో తేల్చడానికి మిగిలింది ఈనెల లెక్క ఒకటే.

మార్చి 12

పేర్లు పోస్టు చేశాను. మూడో సీసాది: వీపు మీది రెండో రెక్కకు పన్నెండు ఈనెలు. అంటే రొయ్యతో ఒకే బొరియలో కాపురముండే రకం. బోరింగు దగ్గర గంటసేపు వరసలో నిలబడి అదే తలుచుకున్నా. "చూడక్కా, తనలో తానే నవ్వుతాండాది!" అమ్మ.

మార్చి 19

జాబు! నెలాఖరుకు పేర్లు అచ్చుకిస్తారు. నన్ను రమ్మన్నారు.

మార్చి 20

నాయన మగ్గం దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏముందమ్మా ఆడ, అంతసేపు చూస్తావు?" భూతద్దం ఇచ్చాను. నిజంగా చూశాడు. ఈ ఇంట్లో మొదటి మనిషి.

"ఎన్నంటివి?"

"పన్నెండు."

"పదకొండే. కడాది ఒకటే, పైన చీలిండాది. కొసలు లెక్కేసినావు నువ్వు. మొదలు చూడల్ల."

మూడుసార్లు చూశాను. పదకొండే... చీలిన చివరి ఈనె ఒక్కటిగానే లెక్క అని నా కాలేజీ పుస్తకంలోనూ ఉంది. చదివాను, వేళ్లు వినలేదు. పదేళ్లప్పటి నుంచి చీర కొంగులకు కుచ్చులు కట్టిన వేళ్లు. కుచ్చుకు కొసలే లెక్క.

మిగతా మూడూ మళ్లీ చూశాను. ఒక్కో ఈనె తగ్గినా వాటి పేర్లు మారలేదు. మూడోది మారింది. అది రొయ్యతో కాపురం చేసేది కాదు, రొయ్యపిల్లల్ని తినేది. నా మాట నమ్మి ఎవరో దాన్నీ రొయ్యల్నీ ఒకే తొట్లో వేస్తారు.

నాయన పోతూ పోతూ భూతద్దం పంచెతో తుడిచి ఇచ్చాడు.

మార్చి 21

నాయన కళ్లకు దండం పెట్టాలి. పేరు అచ్చయ్యాక తెలిసి ఉంటే?

"తప్పు చెప్పేదానికి మద్రాసు దాకానా? కార్డు ముక్క రాయరాదా?" అమ్మ. అరుస్తూనే దోవలోకి రొట్టెలు కట్టింది.

నా తప్పు విన్నాక లలితమ్మగారు ఉండమంటారో, పొమ్మంటారో.

చీలిన ఈనెను ఎదురుగా చూపించే చెప్పాలని, మూడో సీసాను పాత చీరలో చుట్టి పెట్టెలో పెట్టాను. రేపు మద్రాసు బండి ఎక్కుతున్నాను.