గుమ్మానికి కుడివైపు మట్టి

కిసుము, మంగళవారం

చెల్లీ అపోండీ,

నువ్వూ నీ మేకలూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ వాన లేదు. నా మోకాళ్లు మాత్రం వస్తుందంటున్నాయి.

నా పని నీకు తెలిసిందే; కూల్చిన ఇళ్ల మట్టిని మళ్లీ నేలగా చేయడమంటే వంట లాంటిదే. జల్లెడ పట్టాలి, పేడ వేయాలి, సరస్సులోంచి లాగి కుళ్లబెట్టిన గుర్రపుడెక్క కలపాలి, నెలల తరబడి తిరగేయాలి. తొందరపడితే మొక్క పాలిపోయి చస్తుంది. చూడు, చెప్పాల్సింది వదిలేసి ఎటో పోతున్నాను.

రోడ్డు కోసం నీ ఇల్లు కూల్చినప్పుడు నువ్వు అడిగింది ఒక్కటే: "గుమ్మానికి కుడివైపు మట్టి విడిగా ఉంచు అన్నా." నీ కడుపున ఒడెరో పుట్టినప్పుడు వాడి మావి పూడ్చింది అక్కడే; మనలో మగపిల్లాడికి కుడివైపే కదా. పెద్దయ్యాక వాణ్ణి సరస్సు మింగింది, తిరిగి ఇవ్వలేదు. వాడిదంటూ భూమిలో మిగిలింది అదొక్కటే. ఆ మట్టిని విడిగానే పోయించాను. గుర్తుకు కర్ర పాతాను.

తయారైన మట్టిని లారీలకెత్తే రోజున డ్రైవర్లకు మొసలి కథ చెబుతున్నాను. "తాతా, నీ మొసలి ఒడ్డుకొచ్చేలోపు మా లారీలు తుప్పు పడతాయి" అన్నాడొకడు. నవ్వి, ఇంకాస్త సాగదీశాను. వెనక్కి తిరిగేసరికి యంత్రం నడిపేవాడు చేతులు దులుపుకుంటున్నాడు. "చిన్న గుట్ట మిగిలితే అదీ పెద్ద గుట్టలో కలిపేశా తాతా. కర్ర పొయ్యిలోకి పనికొస్తుందని దాచా."

సాయంత్రానికి అదంతా కొత్త రోడ్డు పక్క వేపమొక్కల కిందకు పోయింది. నీకు డబ్బాలో తెచ్చిచ్చింది వేరే గుట్టది. రెండేళ్లుగా దాన్ని తల దగ్గర పెట్టుకుని పడుకుంటున్నావని నిన్ననే విన్నాను. అందుకే ఈ ఉత్తరం.

తిట్టు. మాట్లాడటం మాత్రం మానకు.

నీ అన్న,
ఒండియెక్

*

శనివారం

అన్నా,

డబ్బా మూత తీసిన రోజే తెలుసు. నా వాకిలిది నల్లరేగడి, చేతికంటితే వదలదు. నువ్విచ్చింది ఎర్ర ఇసుక. పైగా "బాగున్నావా" అనడానికి అరగంట తీసుకునేవాడివి, ఆ రోజు "ఇదిగో" అని గుమ్మంలోంచే వెళ్లిపోయావు.

నీ నోటితో చెబుతావని చూశాను. రెండేళ్లు వచ్చి నా టీ తాగి వెళ్లావు. కోపం పోలేదు. పోతుందని రాయను. అయినా దాన్నే తల దగ్గర పెట్టుకున్నాను. ఖాళీగా ఉండటం కంటే నయమనిపించింది.

శవం దొరకలేదని పెద్దలు ఒడెరోకి బదులు యాగో చెట్టు కాయను గుంటలో పెట్టి పూడ్చారు. మన ఆచారం, కాదనను. ఊరంతా ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. కాయ కోసం ఎలా ఏడవను?

గురువారం వస్తున్నాను. ఆ లారీలు ఏ వేపమొక్క నుంచి ఏ మొక్క దాకా పోశాయో చూపించు. చూపించి, నువ్వు కాసేపు దూరంగా వెళ్లి నిలబడు.

అపోండి